ఫోను లాక్కోకండి, ఫిర్యాదు రాయండి

(మాదాపూర్‌లో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1998లో ఇక్కడ సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు నేను సర్కారు కచేరీలో ఇన్‌వర్డు రిజిస్టరు రాసుకునే గుమాస్తాను. 2010లో ఫేస్‌బుక్ మన దేశంలో తన తొలి కార్యాలయాన్ని హైదరాబాదులోనే తెరిచింది. ఇలాంటి నగరంలో ఉంటూ కూడా, పిల్లలకు ఫోనులో వేధింపు ఎదురైతే ఏం చేయాలో మనకు తోచడం లేదు.

గత ఏడాది టోలిచౌకి నుంచి ఒక తండ్రి నా వద్దకు వచ్చారు. ఆయన కుమార్తె ఈ ప్రాంతంలోనే ఇంజనీరింగు చదువుతోంది. ఎవరో ఆమె పేరుతో దొంగ ఖాతా తెరిచి, ఆమె ఫొటోలు పెట్టి, తోటి విద్యార్థులకు అసభ్య సందేశాలు పంపారు. తండ్రి మొదట ఆమె ఫోను లాక్కున్నారు, తరువాత కాలేజీ మాన్పించారు. కోపంలో సందేశాలన్నీ చెరిపివేశారు. నేరం చేసినవాడు నిశ్చింతగా ఉన్నాడు, శిక్ష బిడ్డకు పడింది, సాక్ష్యం నశించింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ అనే యాప్‌లలో ముస్లిం మహిళల ఫొటోలను ‘వేలం’ పేరిట ఉంచారు. హైదరాబాదుకు చెందిన, అరవై దాటిన సామాజిక కార్యకర్తను సైతం వదలలేదు. మొదటి యాప్ విషయంలో ఆరు నెలలపాటు ఒక్క అరెస్టూ జరగలేదు. రెండవసారి మహిళలు గట్టిగా నిలబడి ఫిర్యాదులు చేశాక కొద్ది రోజుల్లోనే అరెస్టులు మొదలయ్యాయి. నిందితుల్లో 18 ఏళ్ల యువతి, 21 ఏళ్ల ఇంజనీరింగు విద్యార్థి ఉన్నారు. చదువు ఒక్కటే సంస్కారాన్ని ఇవ్వదు.

మనల్ని మనమూ ప్రశ్నించుకోవాలి. బుర్ఖా ధరించిన అమ్మాయి ఎవరితోనో కనిపించిందని వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పే కుర్రవాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు. ఎగతాళిని, ఇతరుల రహస్యాలు ఆరా తీయడాన్ని, పరోక్షనిందను సూరా హుజురాత్ నిషేధించింది. ఆ నిషేధం ఫోనుకూ వర్తిస్తుంది.

నా ఉద్యోగం నేర్పిన పాఠం ఒకటే: నోటిమాటకు నంబరు ఉండదు, కాగితానికి ఉంటుంది. కనుక ముందుగా స్క్రీన్‌షాట్లు, ఖాతా లింకు, తేదీ, సమయం భద్రపరచండి. ఆ తరువాతే బ్లాక్ చేయండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో, 1930 నంబరులో, షీ టీమ్స్‌కు ఫిర్యాదు చేయవచ్చు. మరొకరి పేరుతో మోసగించడం ఐటీ చట్టం 66డి కింద, ఆన్‌లైన్‌లో వెంటాడి వేధించడం భారతీయ న్యాయ సంహిత 78 కింద నేరాలు.

ఆ తండ్రితో కలిసి ఒక స్టేషనుకు వెళితే, కాలేజీ తమ పరిధిలో లేదని చెప్పారు. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు స్వీకరించాలని నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతోందని వినయంగానే గుర్తుచేశాం. స్నేహితురాళ్ల ఫోన్లలో మిగిలిన స్క్రీన్‌షాట్లు జతపరిచాం. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా చేతికి వచ్చింది. దొంగ ఖాతా మూతపడింది. కేసు ఇంకా నడుస్తోంది. అయినా ఆ అమ్మాయి పరీక్షలు రాసింది.

ఈ రాత్రి ఇంటికి వెళ్లి పిల్లలతో ఒక్క మాట చెప్పండి: “ఏం జరిగినా ముందు మాకు చెప్పు, నీ ఫోనూ, నీ చదువూ ఆగవు.” ఆ నమ్మకం ఉన్న బిడ్డను ఎవరూ బెదిరించలేరు.