మత్తు వ్యసనం: వైద్యం ఎక్కడ, మన బాధ్యత ఏమిటి

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మత్తు హరామ్ అని ఈ సభలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. మన పసిపిల్లలకు కూడా ఆ మాట తెలుసు. అయినా దీని మీద మాట్లాడవలసి వస్తున్నదంటే, తెలిసినంత మాత్రాన మన ఇళ్లు సురక్షితం కాలేదన్నమాట. మన గచ్చిబౌలిలో ఒకవైపు అద్దాల మేడలు, మరోవైపు అలాంటి మేడలు కట్టే కూలీల రేకుల షెడ్లు. రాత్రి షిఫ్టు చేసే సాఫ్ట్‌వేర్ కుర్రవాడు, క్యాబ్ డ్రైవరు, డెలివరీ బాయ్, హాస్టల్లో ఉండే విద్యార్థి, వీరిలో చాలామంది ఇల్లు వదిలి వచ్చినవారే. ఆలస్యమైందేమని అడిగే పెద్దవాళ్లు దగ్గర లేరు. మత్తు అమ్మేవాడికి మతంతో పని లేదు, మనిషి ఒంటరిగా దొరికితే చాలు.

బడిలో పనిచేసే మేము ముందు పిల్లల సంగతి చెబుతాము. ఢిల్లీ ఎయిమ్స్ వారు దేశమంతటా జరిపిన సర్వే 2019లో వెలువడింది. మిగతా మత్తు పదార్థాలన్నిటి వాడకం పెద్దవాళ్లలోనే ఎక్కువ. ఒక్క పీల్చే మత్తులో మాత్రం పిల్లలు పెద్దలను మించిపోయారు. పెద్దలలో 0.58 శాతం ఉంటే పిల్లలలో 1.17 శాతం. పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్, థిన్నర్ వంటివి మామూలు దుకాణాల్లో దొరికే వస్తువులే. పిల్లవాడి చేతిరుమాలుకు ఘాటైన వాసన, పెదవుల చుట్టూ పుండ్లు, ఉన్నట్టుండి చదువులో మందకొడితనం కనిపిస్తే కొట్టకండి. కూర్చోబెట్టి అడగండి, డాక్టరుకు చూపించండి.

పెద్దల విషయానికి వస్తే, అదే సర్వే ప్రకారం తాగుడు వల్ల సాయం అవసరమైన స్థితికి చేరినవారు 5.7 కోట్లకు పైగా ఉన్నారు. తాగుడుకు పూర్తిగా బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది. మిగతా 37 మంది ఏరి? ఎక్కువమంది ఇళ్లలోనే ఉన్నారు. మన ఇళ్లలో ఇది మరీ గుట్టుగా ఉంటుంది. పేదరికాన్నయినా నలుగురిలో చెప్పుకుంటాము గాని, ఇంట్లో తాగుబోతు ఉన్నాడని చెప్పుకోము. మస్జిద్‌లో ఏమనుకుంటారో, ఆడపిల్లల సంబంధాలు ఏమవుతాయో అని భయం.

సహీహ్ బుఖారీలో ఒక సంఘటన ఉంది. మద్యం సేవించి, ఒకసారి కాదు, పదే పదే పట్టుబడిన వ్యక్తిని అక్కడున్న ఒకరు శపించారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) అలా శపించవద్దని వారించి, ఆ మనిషి గుండెలో అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందని సాక్ష్యమిచ్చారు. శిక్ష రద్దు కాలేదు, హరామ్ హలాల్ కాలేదు. కానీ మనిషిని జమాఅత్ నుంచి నెట్టివేయలేదు. మన పనికి పునాది ఇదే కావాలి.

ఇక వైద్యం సంగతి. వ్యసనాన్ని ఒక జబ్బుగా వైద్యశాస్త్రం గుర్తించింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కూడా మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను తన పరిధిలో చేర్చింది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని ఆ చట్టమే చెబుతున్నది.

ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే మొదటి రోజునుంచే వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి భ్రమించి ప్రాణం మీదికి రావచ్చు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇలాంటివారు వరుసకట్టారు. మన విషయంలో రంజాన్ దగ్గర ఈ ప్రమాదం ఉంది. నెలవంక కనబడిన రాత్రి తౌబా చేసి, తెల్లవారి ఉపవాసం పట్టినవాడికి వణుకు వస్తే అది నీరసమని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. తౌబా ఆ రాత్రే చేయాలి, డాక్టరు దగ్గరికి కూడా ఆ రాత్రే వెళ్లాలి. వ్యాధిగ్రస్తుడు ఉపవాసాన్ని తరువాత పూర్తిచేసుకునే సడలింపు దివ్య ఖుర్ఆన్‌లోనే ఉంది.

ఎక్కడికి వెళ్లాలి? ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థలో వ్యసన విముక్తి చికిత్స ఉంది. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మియాపూర్ వైపు రైలు మారితే మూడో స్టేషను ఎర్రగడ్డ. కదలలేనివారు 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో ఉచితంగా సలహా ఇస్తారు. వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446. పోలీసు కేసవుతుందని భయపడే తల్లిదండ్రులు ఒక మాట తెలుసుకోవాలి. మత్తు వాడినందుకో, కొద్ది పరిమాణం కలిగి ఉన్నందుకో కేసు ఎదుర్కొంటున్న బానిస తానే ముందుకొచ్చి గుర్తింపు ఉన్న చోట చికిత్స పూర్తిచేసుకుంటే, ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షను అతనికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది.

మరొక హెచ్చరిక. కట్టివేసి, కొట్టి మాన్పిస్తామనే చోట్లకు పంపకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గాకు దగ్గర్లోని ఒక ప్రైవేటు షెడ్డులో గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు 28 మంది అగ్నిప్రమాదానికి బలయ్యారు. దుఆ చేయండి, చేయించండి. గొలుసు మాత్రం వేయకండి.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాకే అసలు పరీక్ష. పాత స్నేహితులు అక్కడే ఉంటారు. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ పద్ధతిలో, తాగుడు మానినవాళ్లే ఒకరికొకరు తోడుగా కూర్చుంటారు. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. ఆ పద్ధతినే ఇస్లామీయ దృక్పథంతో మలచుకుని 1989లో బాల్టిమోర్‌లోని ముస్లింలు మిల్లతీ ఇస్లామీ ప్రారంభించారు. అక్కడ చేయగలిగింది ఇక్కడ మనమూ చేయగలం.

అందుకని సొసైటీ ముందు నాలుగు ప్రతిపాదనలు ఉంచుతున్నాము. ఆసుపత్రికి తోడు వెళ్లే నలుగురు వాలంటీర్లను సిద్ధం చేయాలి. చికిత్సలో ఉన్నవాని ఇంటికి నెల రేషను, పిల్లల ఫీజు అందాలి. అది జకాత్ నుంచా, సదఖా నుంచా అన్నది ఆలిమ్‌లను అడిగి నిర్ణయించాలి. ఆడవాళ్లు చెప్పుకోవడానికి ఆడవాళ్లే ఉండే ఒక గది, వారానికి ఒక పూట కేటాయించాలి. రంజాన్‌కు ముందు వచ్చే జుమాలలో ఇమామ్ సాహెబులు హరామ్ అన్న మాటతో పాటు 14416 అన్న నంబరు కూడా చెప్పాలి.

ఆ 37 మందిలో ఒక్కరినైనా ఈ ఏడాది డాక్టరు దాకా చేర్చగలిగితే, ఒక కుటుంబం నిలబడుతుంది. అల్లాహ్ మనకు ఆ శక్తిని, ఓర్పును ప్రసాదించుగాక. ఆమీన్.