కొళాయి నీటిలోని సున్నము

కర్నూలు, కడప పట్టణముల శివారుపేటలలో క్రొత్తగా కాపురము పెట్టినవారు మొదటి నెలలోనే కొన్ని సంగతులు గమనింతురు. సబ్బు ఎంత రుద్దినను నురుగు రాదు. కందిబేడలు ఎంతసేపు ఉడికినను పలుకు పోదు. నీరు కాచు డేగిసా అడుగున తెల్లని పెచ్చు కట్టును. ఉతికిన పంచె ఆరిన పిమ్మట బిరుసెక్కును. ఇరుగుపొరుగువారిని అడిగినచో, “ఇవి ఉప్పునీళ్లమ్మా” అని ఒక్కమాటతో తేల్చివేయుదురు. వాడుకకు ఆ మాట చాలును. కాని ఈ చిక్కులలో పెక్కింటికి కారణము ఉప్పు కాదు, సున్నము. ఈ భేదము తెలిసినచో ఇంటి ఖర్చు కొంత తగ్గును. ఆరోగ్యవిషయమున ఒక పెద్ద పొరపాటు కూడ తప్పును. అందుచే నేడు దానిని గూర్చి ముచ్చటింతము.

మన సీమలో పెక్కుచోట్ల నేల క్రింద సున్నపురాయి పొరలు పొరలుగా పరచుకొని యున్నది. కడప జిల్లాలోని నార్జి పేరిట ఒక పొరకును, కోయిలకుంట్ల పేరిట మరియొక పొరకును భూగర్భశాస్త్రమున పేర్లు నిలిచినవి. మన ఇండ్లలో పరచుకొను కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్లు ఈ జాతివే. వాననీరు నేలలోనికి ఇంకునపుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, కొంచెము పులుపెక్కి, ఈ రాతిని మెల్లమెల్లగా కరగించును. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు, మూడు కిలోమీటర్లకు పైగా పొడవైనవి, ఇట్లు నీరు తొలిచినవే. అక్కడ గుహలు చేసిన నీరే మన బోరుబావులలో సున్నమును మోసికొని వచ్చుచున్నది. తుంగభద్ర నీటిలో ఈ సున్నము బావినీటికంటె సాధారణముగా తక్కువ. వేసవిలో నది సన్నగిల్లి, కొళాయిలకు బోరునీరు కలిపినచోట్ల ఒకే కొళాయి నీరు ఋతువునుబట్టి మారిపోవును.

ఇట్టి నీటిని కఠినజలమందురు. కాఠిన్యము రెండు విధములు. ఒకటి కాచినంతనే విడిపోవునది. డేగిసా అడుగున పెచ్చుగా కనబడునది అదియే. రెండవది కాచినను పోనిది. కనుక గృహిణులు చేయదగిన మొదటి పని సులభమైనది: బేడలకు పోయు నీటిని ముందుగా తెర్లకాచి, కొంతసేపు కదపక యుంచి, పైతేట నీటిని మాత్రము వంచుకొనవలెను. సున్నము బేడల పొట్టుక్రింది జిగురును బిగించుటచేతనే అవి ఉడుకకున్నవి. వంటసోడా వేసినచో త్వరగా మెత్తబడునుగాని, బేడలలోని బి విటమిను కొంత నశించును. దానికంటె రాత్రి నానవేయుట మేలు.

ఇక సబ్బు సంగతి. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యమున్న నీరు 20 లీటర్ల బకెట్టెడు తీసికొందము. అందు నురుగు పుట్టుటకు ముందే రమారమి 35 గ్రాముల సబ్బు సున్నముతో కలిసి, జిడ్డు తెట్టుగా మారి, వ్యర్థమగునని లెక్క తేలుచున్నది. బట్టలకు అంటుకొని వానిని మాసినట్లు చేయునదియు ఆ తెట్టే. అదే బకెట్టులో ముందుగా ఆరేడు గ్రాముల పొడి చాకలిసోడా కలిపి కొంతసేపు ఆగినచో సున్నము చాలవరకు విడిపోవును. సబ్బు మిగులును. పట్టుబట్టలకు, ఉన్నిబట్టలకు మాత్రము ఈ సోడా తగదు. తలంటుకు కుంకుడుకాయ మనకు అనాదిగా ఉన్నదే. దాని నురుగును సున్నము సబ్బు నురుగువలె విరుగగొట్టలేదు.

నీరుకాచు విద్యుత్ యంత్రములలో పెచ్చు పేరుకొన్నచో వేడి నీటికి సరిగా అందదు. కరెంటు ఎక్కువ ఖర్చగును. తుదకు కడ్డీ మాడిపోవును. స్నానమునకు చాలినంత వేడి మాత్రమే పెట్టుకొనుట మంచిది. పాత్రలలోని పెచ్చును నిమ్మరసముతో నానబెట్టి తోమినచో వదలును. ఆ పులుపు కడప బండలపై చిందకుండ చూచుకొనవలెను. బండయు సున్నపురాయియే; మెరుగు పోయి మచ్చ పడును.

నేడు అనేకులు నీటిని శుద్ధిచేయు యంత్రములు కొనుచున్నారు. సున్నమును పట్టి సోడియమును విడుచు యంత్రము స్నానమునకు, బట్టలకు మంచిది. ఆర్‌ఓ యంత్రము లవణములను చాలవరకు తీసివేయును. కాని అది కొంతనీటిని బయటికి నెట్టును. నీటికి కరవైన మన ఊళ్లలో ఆ నీటిని పారబోయరాదు. నేల కడుగుటకు, పాయిఖానాలకు వాడవలెను. అది మొదటి నీటికంటె కఠినమైనది కనుక బట్టలకు పనికిరాదు. పటిక గాని, చిల్లగింజ గాని బురదను తేర్చునే కాని కాఠిన్యమును తీయదు.

కఠినజలము త్రాగినచో కీడు కలుగునా అని పలువురు భయపడుదురు. భారతీయ ప్రమాణముల సంస్థ 2012లో ప్రకటించిన ప్రకారము త్రాగునీటిలో లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యము కోరదగినది. వేరు ఆధారము లేనిచో 600 వరకు అంగీకరింపవచ్చును. సున్నము శరీరమునకును కావలసినదే. నిజముగా భయపడవలసినది వేరొకటి కలదు, అది ఫ్లోరైడు. మన దేశమున దీని వలని వ్యాధిని 1937లో ఆనాటి నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. ఇది పిల్లల పండ్లపై మచ్చలు వేయును. ఏండ్ల తరబడి త్రాగినవారి ఎముకలను బిగించి వంచును. దీనికి రుచి లేదు, వాసన లేదు, కాచినను పోదు. సున్నము ఎక్కువగా ఉన్న నీటిలో ఫ్లోరైడు అంతగా నిలువదు. కనుక బేడలు చక్కగా ఉడికి, సబ్బు చక్కగా నురుగునిచ్చు బోరునీటిలోనే ఒక్కొక్కప్పుడు అది మిక్కుటముగా ఉండును. “ఈ బోరునీళ్లు తియ్యగా ఉన్నవి” అని నాలుకను నమ్మి త్రాగరాదు. క్రొత్త బోరు వేయించినవారు ప్రయోగశాలలో పరీక్ష చేయించవలెను. ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపల ఉండుట మంచిది, ఒకటిన్నర దాటరాదు.

కడపట మిద్దెల మాట. 50 చదరపు మీటర్ల మిద్దెపై 10 మిల్లీమీటర్ల వాన కురిసినచో 500 లీటర్ల నీరు పడును. అందులో సున్నము లేదు. తొలివానను మిద్దె కడుగుటకు విడిచి, తరువాతి వానను గుడ్డలో వడకట్టి తొట్టిలో పట్టి మూతవేసినచో బేడలు ఉడుకుటకు, బట్టలు ఉతుకుటకు అంతకు మించిన నీరు లేదు. ఇంటిలో ఏ నీరు ఏ పనికో నిర్ణయించి, తొట్లను వేరువేరుగా పెట్టుకొన్నచో ఉన్న నీటితోనే సుఖముగా సంసారము సాగించుకొనవచ్చును.