అర సెంటు పెరడు పెద్దదిగా కనపడాలంటే

ఈ రోజు గుడివాడలో మా ఇంటి పెరట్లోంచే మాట్లాడుతున్నాను. కెమెరా ఇంకొంచెం వెనక్కి పెట్టమంటే తమ్ముడు నవ్వుతున్నాడు, వెనక గోడే ఉందట! 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. అంటే 216 చదరపు అడుగులు, దాదాపు అర సెంటు.

మా అమ్మమ్మది నాగాయలంక దగ్గర పల్లెటూరు. అక్కడ పెరడంటే కొబ్బరిచెట్లు, గేదెల పాక, గడ్డివామి, అవి దాటితే పంటకాలవ. మోకాళ్ళ నొప్పులతో ఒక్కతే ఉండలేక రెండేళ్ళ కిందట మా దగ్గరకొచ్చింది. వచ్చిన వారానికే "ఇదేం పెరడురా, బావిలో కూర్చున్నట్టుంది" అంది. సాయంత్రమైతే చాలు, ఊరెళ్ళిపోతానని గొడవ.

మొక్కలుంటే ఉంటుందిలే అనుకున్నా. కడియం మొక్కల బండి వస్తే ఒకేసారి పాతిక కుండీలు కొని గోడల వెంబడి వరసగా పెట్టేశాను. పెద్ద తప్పు. అటు అడుగున్నర, ఇటు అడుగున్నర పోయి 12 అడుగులు కాస్తా 9 అయ్యాయి. పైగా గోడ ఎక్కడుందో ఆ కుండీలే గీత గీసి చూపిస్తున్నాయి. అమ్మమ్మ కర్ర పట్టుకుని తిరగడానికి కూడా లేదు. నాన్నేమో మొత్తం సిమెంటు చేయించేద్దాం అన్నారు. మే నెల ఎండకి ఆ సిమెంటు మీద చెప్పుల్లేకుండా నిలబడి చూడండి, తెలుస్తుంది.

అప్పుడు జపాన్ తోటల గురించి చదివాను. క్యోటోలో ర్యోవాంజి అనే గుడిలో ఒక రాళ్ళ తోట ఉంది. సుమారు 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, మొత్తం 15 రాళ్ళు. వరండాలో ఎక్కడ కూర్చున్నా కనీసం ఒక రాయి కనపడదు! నాకు అక్కడే లైట్ వెలిగింది. మా పెరడు చిన్నదవడం ఒక్కటే కాదు, తలుపు తియ్యగానే చూడటం అయిపోతోంది. అదీ సమస్య.

కుండీలు తొమ్మిదికి తగ్గించాను. మిగతావి మేడ మీదకి. మధ్యలో వెదురు తడిక కట్టి సన్నజాజి పాకించాను, సగం వెడల్పు వరకే. దాని వెనక చిన్న అరుగు. వంటింటి తలుపు దగ్గర నుంచుంటే ఆ మూల కనపడదు, ఏదో ఉందనిపిస్తుంది. దారి కూడా తిన్నగా వెయ్యలేదు. తిన్నగా వేస్తే 18 అడుగులే, ఈ మూల నుంచి ఆ మూలకి వేస్తే 21 దాటింది! ఇసుక పోసి ఇటుకలు పరిచాం, సందుల్లో సిమెంటు లేదు. మన నల్లమట్టి సంగతి తెలుసుగా, వానొస్తే చెప్పు వదలదు.

ఆకుల సైజు కూడా చూసుకోవాలండి. అరటిని ముందు వెనక గోడ దగ్గర పెట్టా. అంత పెద్ద ఆకు దూరంగా ఉంటే గోడ దగ్గరకొచ్చినట్టు ఉంటుంది. తీసి అంట్ల నీళ్ళు పోయే చోట, తలుపు పక్కన వేశాను. ఎర్ర మందారం కూడా అక్కడే. చివర్లో సన్నాకుల కరివేపాకు, గోడ మీదకి నీలం శంఖుపుష్పం. గోడకి అద్దం బిగించమని కొన్ని వీడియోల్లో చెప్తారు, నేనైతే వద్దంటాను. పాపం పిట్టలు కొట్టుకుంటాయి.

ఇంకోటి. దూరంగా ఉన్న కొండ తమ తోటలోదే అనిపించేలా జపాన్ వాళ్ళు చేస్తారు. దాన్ని షక్కెయ్ అంటారు, అంటే దృశ్యాన్ని అరువు తెచ్చుకోవడం. గుడివాడలో కొండెక్కడిది? పక్కింట్లో రెండు కొబ్బరిచెట్లున్నాయి. వాటికి మా రేకు షెడ్డే అడ్డం. షెడ్డు పీకేసి, అరుగు అటు తిప్పి కట్టాం. తీగ గోడని కప్పేశాక ఆ చెట్లు మా పెరట్లోవే అనిపిస్తున్నాయి.

ఊరెళ్తాననడం అమ్మమ్మ పూర్తిగా మానలేదు. కాకపోతే సాయంత్రమైతే తడిక వెనక్కెళ్ళి కూర్చుంటోంది, కాఫీకి పిలిచినా తొందరగా రాదు. ఇప్పుడు కొత్త కంప్లయింటేంటంటే, చెట్లు మన పెరట్లోనే ఉన్నాయంటున్నావు, కాయలు మాత్రం పక్కింటోళ్ళు కోసుకుపోతున్నారేంట్రా అని.