గుండె ముందా, ఊపిరి ముందా?

మొన్న మా లాలాగూడలో అమ్మకి ఆపరేషన్. మత్తిచ్చే ముందు వేలికి చిన్న క్లిప్ పెట్టారు. దాని వెనక మన హైదరాబాద్ గొడవ ఒకటుంది.

అప్పట్లో మత్తుకి క్లోరోఫామ్ ఇచ్చేవాళ్లు. కొందరు టేబుల్ మీదే పోయేవాళ్లు. ముందు ఆగేది గుండా, ఊపిరా? తేల్చడానికి 1888, 1889లో నిజాం ఖర్చుతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడే రెండు కమిషన్లు నడిపాడు. వందల జంతువుల మీద పరీక్షించి, "నాడి కాదు, ఊపిరి చూడండి" అన్నారు.

అది సగమే నిజం. మత్తు తక్కువున్నా గుండె హఠాత్తుగా ఆగొచ్చని 1911లో డాక్టర్ లెవీ చూపించాడు.

ఇవాళ ఆ క్లిప్ నాడినీ, రక్తంలో ఆక్సిజన్‌నీ రెండూ చూస్తుంది. అమ్మ క్షేమం. మీ ఇంట్లో ఆపరేషన్ ఉంటే గుండె జబ్బు, ఆయాసం, వాడే మందులు దాచకుండా మత్తు డాక్టర్‌కి చెప్పండి. ఉంటా మరి!