పరమాణువులో ఎలక్ట్రానుల అమరిక
(హైదరాబాదు పాతబస్తీలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ చార్మినారు పరిసరములలో తరతరములుగా సాగిన వృత్తులలో వెండి వరఖు తయారీ యొకటి. వెండి ముక్కలను పొత్తపు పుటల నడుమ ఉంచి గంటల తరబడి సుత్తితో మోదుదురు. వెండి విరుగదు, పిండి కాదు. ఊపిరి తగిలిన ఎగిరిపోవు పలుచని రేకగును. అదే సుత్తితో రాతియుప్పు గడ్డను కొట్టుడు. ఒక్క దెబ్బకు ముక్కలగును. ఈ భేదము ఎట్లు కలిగినది?

పరమాణువు నడుమ కేంద్రకమును, దాని చుట్టును ఎలక్ట్రానులును కలవు. ఇవి కక్ష్యలుగా అమరియుండునని 1913లో నీల్స్ బోర్ ప్రతిపాదించెను. కక్ష్య యనగా బండిచక్రపు జాడవంటి దారి యని తలపరాదు. శక్తినిబట్టి ఏర్పడిన అంతస్తు అనుట మేలు. మొదటిదానిలో 2, రెండవదానిలో 8, మూడవదానిలో 18 వరకు పట్టును. వెండిలోని 47 ఎలక్ట్రానులు 2, 8, 18, 18, 1గా నున్నవి. ఆ చివరి యొక్కటి తన పరమాణువునే అంటిపెట్టుకొనక, ఊరి గైరాను భూమివలె, ముక్క అంతటికిని ఉమ్మడి సొత్తగును. అందుచే పరమాణువులు ఒకదానిపై నొకటి జరిగినను బంధము తెగదు. తీగలో విద్యుత్తు ప్రవహించుటకును ఇట్టి ఎలక్ట్రానులే కారణము.

ఉప్పు కథ వేరు. సోడియము అమరిక 2, 8, 1. క్లోరిను అమరిక 2, 8, 7. సోడియము తన చివరిదానిని ఇచ్చివేయును. క్లోరిను దానిని గైకొని ఎనిమిది పూర్తిచేసికొనును. ఒకటి ధనావేశమును, ఇంకొకటి ఋణావేశమును పొంది వరుసగా అమరును. దెబ్బకు వరుస జరిగినచో ఒకే ఆవేశము గలవి ఎదురెదురై నెట్టుకొనును, గడ్డ పగులును.

ఇక మీ పనికి వత్తును. "క్లోరిను ఉప్పులోను ఉన్నదిగదా, ట్యాంకులో ఉప్పు వేసిన చాలదా?" యని ఒక సభ్యుడు నన్నడిగెను. నవ్వవలసిన ప్రశ్న కాదు. ఉప్పులోని క్లోరినుకు కొరత తీరినది. బ్లీచింగు పౌడరులోని క్లోరినుకు తీరలేదు. అది నీటిలోని క్రిములనుండి ఎలక్ట్రానులను లాగుకొని వానిని చంపును. అయితే ఆకులు, బురద ఎదురైనచో వానినుండియే లాగుకొని తృప్తిపడును, క్రిములు మిగిలిపోవును. కనుక ట్యాంకును కడిగింపక పౌడరు కుమ్మరించుట డబ్బు దండుగ. సంచి మూతి తెరచియుంచినను దాని బలము తగ్గిపోవును.

పౌడరు కలిపి అరగంట గడచిన పిమ్మట నీటిని క్లోరోస్కోపుతో పరీక్షింపుడు. లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెను. ఈ పరీక్ష ట్యాంకు క్రింద కాదు, ఊరి చివరి కొళాయియొద్ద చేయవలెను.