గంజిలోనూ నూలులోనూ ఉన్నది ఒకటే

(బిలోలిలో మన కుల బాంధవుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిండిపదార్థాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు మాకు ముందుగా గుర్తొచ్చింది వంటిల్లు కాదు, పడుగు. వాకిట్ల పడుగు చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్విన చేతులు ఈ సభలో ఇంకా ఉన్నయి. ఆ గంజి నూలు మీది నూగును అణచిపెడుతుంది, పన్నె రాపిడికి పోగు తెగకుండా కాస్తుంది. ఒక వానాకాలం మేము గంజి చిక్కగా పెట్టి, ఆరకముందే చుట్టేసినం. నాలుగు రోజులకు బూజు పట్టింది. తప్పు మాదే. బూజుకు ముందు రుచించింది గంజి, నూలు కాదు.

చిత్రమేమంటే రెండూ గ్లూకోజుతో కట్టినవే. పత్తిపోగులో నూటికి తొంభై వంతుల పైనే సెల్యులోజు. గంజిలో ఉన్నది స్టార్చి. గ్లూకోజు ముక్కలను అతికిన తీరులోనే తేడా. స్టార్చిలో గొలుసు మెలి తిరుగుతుంది. సెల్యులోజులో ఒక ముక్క నిలువుగా, పక్కది తలకిందులుగా అతుక్కుని గొలుసు తిన్నగా సాగుతుంది. అట్లాంటివి ఎన్నో పక్కపక్కన బిగుసుకుని బలం ఇస్తయి. మొదటి అతుకును మన ఉమ్మిలోని ఎంజైము విప్పగలదు, రెండోది విప్పలేదు. అందుకే గంజి తాగుతం, ధోవతి కట్టుకుంటం. ఆవు జొన్నచొప్ప తిని బతుకుతుందంటే, దాని పొట్టలోని సూక్ష్మజీవులు ఆ అతుకు విప్పుతయి కాబట్టి.

ఫ్రాన్సులో ఆన్సెల్మ్ పయెన్ అనే ఆయన 1833లో మరొకరితో కలిసి స్టార్చిని విడగొట్టే ఎంజైమును వేరుచేసిండు. 1838లో సెల్యులోజును గుర్తించింది కూడా ఆయనే. రంగు అద్దే ముందు బట్టలోని గంజి తీయడానికి మిల్లులు వాడేది ఆ జాతి ఎంజైమునే.

ఇక మన ఒంటి సంగతి. మిగిలిన గ్లూకోజును కాలేయం, కండరాలు గ్లైకోజెన్ అనే గొలుసుగా దాచుకుంటయి. గుంట మగ్గం మీద కాళ్లూ చేతులూ పొద్దంతా ఆడినప్పుడు ఆ నిల్వ ఖర్చయ్యేది. ఇప్పుడు మనలో చాలామందిమి దుకాణంలోనో, ఆఫీసులోనో కూర్చుంటున్నం. పని తగ్గింది, పళ్లెం తగ్గలేదు. పైగా జొన్నరొట్టె పోయి తెల్లన్నం వచ్చింది. వంద గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. మనకు అరగని ఆ పీచులో సెల్యులోజు కూడా ఉంది. పీచు ఉన్న తిండి మెల్లగా అరుగుతుంది, రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎక్కదు. అట్లని జొన్నలో స్టార్చి లేదనుకోవద్దు, దండిగనే ఉంది. షుగరున్నోళ్లు రొట్టెలు కూడా లెక్కపెట్టుకునే తినాలె, మందులు మానొద్దు. నలభై దాటినోళ్లు ఎన్నడూ రక్తపరీక్ష చేయించుకోకుంటే ఈ నెలలోనే చేయించుకోండి. మా ఇండ్లల్ల ఆలస్యంగా తెలిసి కాళ్ల పుండ్లతో అవస్థ పడ్డోళ్లున్నరు.

పక్క బల్ల మీద రెండు పోగులు, అయోడిన్ సీసా పెట్టినం. గంజి పోగు మీద చుక్క వేస్తే నల్లని నీలం అవుతుంది, గంజి పోయేదాకా ఉతికిన పోగు కాదు. పిల్లలను ముందు రానియ్యండి.