దుఃఖితునిపై తీర్పు

(తిరుపతిలో నొక సభయందు చేసిన యుపన్యాసపాఠము)



లోకమున దుఃఖమేల కలిగెనను ప్రశ్నకు సమాధానము చెప్పుటకు నేను పండితుడను గాను. చిత్తూరు కోర్టులలో వాదించుకొని బ్రతుకువాడను. తీరిక దొరకినప్పుడు మీతోపాటు సేవాకార్యములలో దిరుగువాడను. అయినను ఈ ప్రశ్నయందు మా వృత్తికి సంబంధించిన యంశ మొకటి కలదు. దుఃఖపడువానిని జూచి 'వాని కర్మ' యని మనమనునప్పుడు మన మోదార్చుట లేదు, తీర్పు చెప్పుచున్నాము. ఆ తీర్పు చెప్పు నధికారము మనకెవ్వరిచ్చిరి? నేడు నేను విచారింపదలచిన దింతే.

2025 జనవరి 8వ తేది రాత్రి ఈ పట్టణముననే, వైకుంఠద్వారదర్శనపు టోకెన్ల కొఱకు వేచియున్న భక్తులలో నార్గురు తొక్కిసలాటలో మరణించిరి. టోకెన్లిచ్చుట మఱునాడు తెల్లవారుజామున నారంభము కావలసియుండెను. అస్వస్థురాలైన యొక స్త్రీ కొఱకు గేటు తెరువగా, వరుస విడిచినారని తలచి జనము ముందుకు త్రోసికొనివచ్చెనని నాడు చెప్పబడినది. పిమ్మట టీకొట్ల యొద్దను బస్సులలోను రెండు మాటలు వింటిని. 'స్వామి పాదములచెంత పోయిరి, నేరుగా వైకుంఠమే' యని యొకటి. 'ఎవరి కర్మ వారిది, అంతమందిలో వారికే యేల రావలె' నని రెండవది.

మరణించినవారి తల్లి గాని బిడ్డ గాని మొదటి మాట ననుకొన్నచో నేను చేతులు జోడింతును. ఆ రాత్రి గడచుటకు వారికది యాధారము. అదే మాటను, ఆ త్రోపులో లేక బయట నిలిచినవా డన్నప్పుడు అది వేఱు పని చేయును. గేటు వెడల్పెంత, దారులెన్ని, కాపలావారెందఱు అను ప్రశ్నలను నోటిలోనే యణచివేయును. ప్రభుత్వము విశ్రాంత న్యాయమూర్తిచే విచారణ జరిపించుట మంచిదే. విచారణకు తగినదనుటయే, అది కర్మఫలమని చేతులు కడుగుకొనరాదని యొప్పుకొనుట.

కర్మసిద్ధాంతమును తూలనాడుటకు నేను రాలేదు. బ్రహ్మసూత్రముల రెండవ యధ్యాయమున వైషమ్యనైర్ఘృణ్యములను గూర్చిన సూత్రము కలదు. ఒకని సుఖిగను ఒకని దుఃఖిగను సృజించిన యీశ్వరుడు పక్షపాతియు నిర్దయుడును గాడా యని యాక్షేపము. కాడు, జీవుల కర్మ ననుసరించి సృజించునని సమాధానము. మొదటి సృష్టికి ముందు కర్మ యెక్కడిదన్నచో, సంసారమనాది యని తరువాతి సూత్రము. శంకరులును రామానుజులును తక్కిన విషయములలో నెంత భేదించినను ఈ సమాధానము నంగీకరించియే భాష్యములు వ్రాసిరి. ఇచ్చట మీరు గమనింపవలసిన దొకటి కలదు: ఈ వ్యాజ్యమున ముద్దాయి యీశ్వరుడు. కర్మ యనునది యీశ్వరుని పక్షమున దాఖలైన జవాబు. ఆ జవాబును వేఱొక వ్యాజ్యములోనికి గొనివచ్చి, ఈశ్వరునికి బదులు బాధితునే బోనులో నిలిపి, వానిపై ప్రయోగించుట మన పని. సూత్రకారుని పని గాదు.

ఆ బోనులో నిలిచినవాని గతి యెట్టిది? ఏ జన్మలో, ఏ యూరిలో, ఎవరికేమి యపకారము చేసెనో తెలుపు నభియోగపత్రము లేదు. సాక్షి లేడు. ముద్దాయికి జ్ఞాపకమైనను లేదు. శిక్ష మాత్ర మమలగుచున్నది. ఆ శిక్షయే నేరమునకు ఋజువట! ఏ చిన్న కోర్టులోనైనను ఇట్టి తీర్పు నిలుచునా?

మన కాణిపాకము చెంత పారు బాహుదానదికి చెప్పుకొను కథ భారతమున శాంతిపర్వములోని శంఖలిఖితుల కథయే. అన్న లేనివేళ లిఖితుడు ఆశ్రమమందలి ఫలముల నడుగక తినెను. ఇది దొంగతనము, రాజునొద్దకేగి దండన పొందుమని శంఖుడు చెప్పెను. రాజు క్షమింపబోగా లిఖితుడే పట్టుపట్టి చేతులు నఱికించుకొనెను. పిదప బాహుదలో మునుగగా చేతులు మరల మొలిచినవి. ఆ దండన నేటి మనకు క్రూరమే. కాని విధానమును చూడుడు: నేరమేదో ముద్దాయికి తెలియును, తానే యొప్పుకొనినాడు, దండన తీరగానే చేతులు తిరిగివచ్చినవి. చేతులు లేనివాని నెదుట బెట్టుకొని, వీడేదో చేసియుండునని యూహించువారు ఆ కథలో లేరు.

ఊహించువారు ధర్మశాస్త్రములలో కలరు. క్షయరోగము పూర్వజన్మపు బ్రహ్మహత్యకు గుర్తని మనుస్మృతి పదునొకండవ యధ్యాయము చెప్పుచున్నది. 1882లో కాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఆ రోగమునకు మూలమైన సూక్ష్మజీవిని కనుగొనెను. 1915లో మదనపల్లె చెంత క్రైస్తవ మిషనులవారు క్షయవైద్యశాలను నెలకొల్పిరి. ఆ తావు ఆరోగ్యవరమైనది. మందుబిళ్లలకు లొంగిపోవు బ్రహ్మహత్య యెట్టిదో పండితులే సెలవియ్యవలెను. ఈ దోషము మనదొక్కటే యనుకొనకుడు. యూదుల యోబు గ్రంథమున, సర్వము గోల్పోయి పుండ్లతో బూడిదలో కూర్చున్నవానిని, నీవు పాపము చేసియే యుందువని మిత్రులు వేధించిరి. తుదకు దేవుడు కోపించినది ఆ మిత్రులపైననే.

1934 జనవరి 15న బీహారు భూకంపమున వేలకొలది జనులు మరణించిరి. హరిజనయాత్రలో దక్షిణమున నున్న మహాత్ముడు, అస్పృశ్యతాపాపమునకు ఈశ్వరుడు విధించిన దండన యిదియని తిరునెల్వేలిలో చెప్పెను. రవీంద్రనాథుడు ఖండించెను, భౌతికోత్పాతములకు భౌతికకారణములే మూలమనెను. ఆ ఖండనమును మహాత్ముడు తన 'హరిజన్' పత్రికలోనే ప్రకటించి ప్రత్యుత్తరమిచ్చెను. మహాత్ముడు పరులపై గాక తన సమాజముపైనే, తనపైనే నేరము మోపుకొనెను. ఆ గొప్పతనమును నేను కాదనను. అయినను నా మనస్సు రవీంద్రుని వైపే మొగ్గును. నాడు అంటరానివారనబడినవారి గుడిసెలును ఆ భూకంపమున కూలినవి గదా. వారెవరి పాపమునకు శిక్ష పొందిరి?

ఇక దయను గూర్చి యొక మాట. వేదాంతదేశికులు మన శ్రీనివాసుని దయనే దేవిగా భావించి దయాశతకమును రచించిరి. వడగలై తెంగలై శాఖల నడుమ నామమును గూర్చిన వ్యాజ్యములు మా వకీళ్లకు తరతరములుగా నన్నము పెట్టినవి. దయ యననేమి యను భేదము కోర్టుకెక్కలేదు గనుక పలువురెఱుగరు. పరుని దుఃఖమునకు తాను దుఃఖించుట దయ యని తెంగలైవారు. దానిని తొలగింపగోరుట దయ యని వడగలైవారు. ఎంత సూక్ష్మముగ తర్కించినను, పరుని దుఃఖమునకు కారణము చూపుట దయ యని యుభయులలో నెవ్వరును అనలేదు.

ఆ రెండు శాఖలలో దేనియందును నేను పుట్టలేదు. 2021 నవంబరు వరదలలో నీళ్లు ఈ పట్టణపు వీధులలో నిలిచినప్పుడు, మనలో కొందఱు కంటతడి పెట్టిరి, కొందఱు మాటలేక త్రాళ్లు కట్టిరి. త్రాళ్లు పట్టినవారిలో నుంటిని గనుక, నన్నడిగితిరేని వడగలైవారి పక్షముననే వకాల్తా పుచ్చుకొందును.